కంచె లేని ఆవాసాలు: శ్రీకాకుళం జిల్లాలో వన్యప్రాణి సంరక్షణను వృత్తిగా చేపట్టేవారికి

అటవీ శాఖ ఉద్యోగం అనగానే దట్టమైన అడవిని, పులి అడుగుజాడను, జీపును ఊహించుకొని శ్రీకాకుళం జిల్లాకు వచ్చే యువకులు మొదటి వారంలోనే కొంత చిన్నబుచ్చుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఇక్కడ గూడబాతు (పెలికాన్) గూడు కట్టుకొనేది చింతచెట్టు మీద. ఆ చింతచెట్టు ఉండేది ఎవరో రైతు పెరట్లో. ఆ పెరటి గోడకు పిడకలు కొట్టి ఉంటాయి. తాబేలు గుడ్లు పెట్టే ఇసుక మీదే మత్స్యకారులు వలలు ఆరవేసుకొంటారు. ఎలుగుబంటి ఉద్దానం జీడితోటలో రాత్రంతా పండు తిని, తెల్లవారేలోగా పక్క కొండకు చేరుకొంటుంది. ఒడిశా నుంచి 2007లో ఒకసారి, 2018లో మళ్ళీ దిగివచ్చిన ఏనుగులకు పార్వతీపురం వైపు వరిచేలు, చెరకు, అరటి తోటలే మేత. గేటు, టికెట్టు, కంచె ఉన్న అభయారణ్యం కావాలనుకొనేవారు మరో జిల్లా చూసుకోవడం మంచిది. కంచె లేనిచోట ప్రాణులను కాపాడడం నేర్చుకోవాలనుకొనేవారికి మాత్రం ఇంతకంటే మంచి బడి దొరకదని నా అభిప్రాయం.

ఉద్యోగంలోకి దారులు

దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఎందుకంటే నియమాలన్నీ ప్రకటనల్లో స్పష్టంగానే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగాలకు ఇంటర్మీడియట్ చదివినవారు పోటీ పడవచ్చు. సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులకు సైన్సు, వ్యవసాయం, ఇంజినీరింగ్ వంటి నిర్దేశిత విభాగాల్లో డిగ్రీ కావాలి. బీట్ ఆఫీసర్ ఎంపికలో పురుషులు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, స్త్రీలు అదే సమయంలో 16 కిలోమీటర్లు నడవవలసి ఉంటుంది. రాతపరీక్షకు ఏడాది పాటు కోచింగు తీసుకొని, నడక సంగతి చివరి నెలలో చూసుకొందామనుకొన్నవారు అక్కడే చతికిలపడతారు. వారానికి రెండు రోజులు తెల్లవారుజామున కాలవగట్టు మీద పది కిలోమీటర్లు నడిచే అలవాటు ముందునుంచే ఉండాలి. ఎంపికైన తరువాత శిక్షణ రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువులో ఉన్న రాష్ట్ర అటవీ అకాడమీలో జరుగుతుంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు వెళ్ళదలచినవారు యూపీఎస్సీ పరీక్ష రాయాలి. వారికి డెహ్రాడూన్‌లో శిక్షణ ఉంటుంది.

పరిశోధన వైపు మొగ్గు ఉన్నవారు జంతుశాస్త్రంలోగాని, వృక్షశాస్త్రంలోగాని డిగ్రీ చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీజీకిగాని, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీకిగాని ప్రయత్నించవచ్చు. ఈ దారిలో స్థిరమైన జీతం ఆలస్యంగా వస్తుందని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఒప్పించుకోవడం మేలు. రెండేళ్ళ ప్రాజెక్టు ముగిసి, తరువాతి ప్రాజెక్టు కోసం ఎదురుచూసే నెలల్లో ఇంటినుంచి వచ్చే మాటలకు తట్టుకోలేక బ్యాంకు పరీక్షలకు మళ్ళిపోయిన మంచి పరిశీలకులు నాకు తెలుసు. మూడో దారి, చాలామంది చిన్నచూపు చూసేది, స్వచ్ఛంద సంస్థల్లో తాత్కాలిక సహాయకుడిగానో, తాబేళ్ళ హేచరీ (గుడ్లను భద్రంగా పొదిగించే చోటు) కాపలాదారుగానో ఒక సీజను పనిచేయడం. పరీక్షకు చదువుకొంటూనే ఆ ఒక్క సీజను గడిపినవారికి ఈ పని తమకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది.

మొదటి ఏడాది: చూడడం, రాయడం

కొత్తగా చేరినవారు మొదటి నెలలోనే మొక్కలు నాటించడానికో, బోర్డులు పెట్టించడానికో తొందరపడతారు. ఒక చోటును బాగుచేయాలంటే అది ఏడాది పొడవునా ఎలా మారుతుందో చూసి ఉండాలి. అంటే వానాకాలం, చలికాలం, ఎండాకాలం మూడూ అక్కడే గడవాలి. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు (పెయింటెడ్ స్టార్క్) వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు (ఓపెన్‌బిల్ స్టార్క్) తొలకరితోనే చేరతాయి, ఎందుకంటే వాటి ఆహారమైన నత్తలు దమ్ముచేసిన పొలాల్లోనే పుష్కలంగా దొరుకుతాయి. రెండూ శ్రీకాకుళం జిల్లా ఊళ్ళే, రెండూ చెట్ల మీది గూళ్ళే అయినా, ఒకదాని పనుల పట్టిక రెండోదానికి పనికిరాదు.

ఇక్కడ ఒక అపోహను మొదట్లోనే వదిలించుకోవాలి. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని బోర్డుల మీద, పత్రికల్లో, బడిపిల్లల వ్యాసాల్లో ఏళ్ళ తరబడి రాస్తూ వచ్చారు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ ఈ మూడూ మన ఉపఖండపు పక్షులే. నీరు, మేత ఉన్నచోటుకు ఎక్కువగా దేశంలోపలే తిరుగుతాయి. సైబీరియా వంటి ఉత్తర ప్రాంతాల నుంచి మన చెరువులకు వచ్చే బాతులు, ఉల్లంకులు వేరే ఉన్నాయి, అవి ఇక్కడ గూడు కట్టవు. ఇది పేరు పట్టింపు మాత్రమే అనిపించవచ్చు గాని, పని మీద దాని ప్రభావం ఎక్కువ. దూరదేశపు అతిథి అనుకొన్నప్పుడు ఆ కొన్ని నెలలు మర్యాద చేస్తే చాలునని అందరూ భావిస్తారు. పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచు అనుకొన్నప్పుడు, ఆమె లేని నెలల్లో కూడా ఇల్లు ఎలా ఉందో చూసుకోవలసిన బాధ్యత మనదవుతుంది. ఆ ఊళ్ళ పెద్దవాళ్ళు, అధికారులకంటే ముందే, ఈ రెండో పద్ధతిలోనే ఆలోచించారు. పక్షులు వస్తే వానలు బాగుంటాయని నమ్మి, వాటిని కొట్టనివ్వకుండా కాపాడుకొన్నారు.

నోట్‌బుక్కులో ఏమి రాయాలన్నది కొత్తవారు తరచు అడిగే ప్రశ్న. తేదీ, సమయం, వాతావరణం, ఏ చెట్టు మీద ఎన్ని గూళ్ళు, ఏ గూటిలో పిల్లలు కనిపిస్తున్నాయి, కింద పడినవి ఎన్ని, చెరువులో నీరు కొలబద్ద మీద ఎంత ఉంది అన్నవి తప్పనిసరి. ప్రతి చెట్టుకూ ఒక అంకె వేసి, దాని యజమాని పేరు పక్కన రాసుకోవాలి. పక్షుల సంఖ్యను వందల్లో ఊహించి రాయడం కంటే గూళ్ళను ఒక్కొక్కటిగా లెక్కించడం మేలు, ఎందుకంటే మేతకు వెళ్ళిన పక్షి లెక్కకు అందదు గాని గూడు ఎక్కడికీ పోదు. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో తప్పక పాల్గొనాలి. ఒకే చోట, ఒకే పద్ధతిలో, పదేళ్ళపాటు చేసిన లెక్కకు ఉండే విలువ ఒక్కసారి అట్టహాసంగా చేసిన సర్వేకు ఉండదు.

చెట్టు యజమానితో మాట్లాడడం

చింతచెట్టు మీద నలభై గూళ్ళు ఉన్న ఇంటివాళ్ళ పరిస్థితిని ముందుగా అర్థం చేసుకోవాలి. రెట్టలతో ఆకు మాడుతుంది, కాపు తగ్గుతుంది, గూటినుంచి జారిన చేపలు కుళ్ళి వాకిలంతా కంపు కొడుతుంది, బావి మీద మూత వేసుకోవలసి వస్తుంది. అయినా ఆ కుటుంబం చెట్టు కొట్టకుండా ఉందంటే, శాఖ చేస్తున్న పనిలో సగం వాళ్ళే ఉచితంగా చేస్తున్నట్టు. అందుచేత చట్టం పుస్తకం చేతపట్టుకొని వెళ్ళకుండా, ఆ ఏడాది చింతపండు మీద ఎంత నష్టం వచ్చిందో కనుక్కొని, పరిహారానికో, చెట్టు అద్దెకో ప్రతిపాదన రాసుకొని వెళ్ళాలి. “అమ్మా, ఈసారి పండు ఎన్ని బుట్టలు దిగింది?” అని అడిగితే మాట సాగుతుంది, “చెట్టు కొడితే కేసవుతుంది” అని మొదలుపెడితే అక్కడితో ఆగిపోతుంది, మరుసటి ఎండాకాలంలో ఎవరూ చూడకుండా వేరు దగ్గర నిప్పు పెట్టే అవకాశం కూడా ఉంది. చెట్లకింద వలలు కట్టడం, పడిన పిల్లలను చేరదీసి చేపలు పెట్టడం వంటి పనులకు అదే వీధి వాళ్ళను నియమించుకోవాలి.

చట్టం తెలియకుండా మాత్రం ఒక్క అడుగు కూడా వేయకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఉన్న నిర్వచనంలోకి పక్షుల గుడ్లను, గూళ్ళను పాడుచేయడం కూడా వస్తుంది. 2002 సవరణతో వచ్చిన కమ్యూనిటీ రిజర్వు అనే ఏర్పాటు మన ఊళ్ళకు బాగా అతికేది: ప్రైవేటు భూమినిగాని, ఊరి ఉమ్మడి భూమినిగాని, యజమానులు తామే ముందుకు వస్తే, యాజమాన్యం మారకుండానే రక్షిత ప్రాంతంగా ప్రకటించి, నిర్వహణను స్థానికులున్న కమిటీకి అప్పగించవచ్చు. 2022 సవరణతో ఈ చట్టంలోని షెడ్యూళ్ళు (ప్రాణుల జాబితాలు) ఆరు నుంచి నాలుగుకు తగ్గి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. పాత పుస్తకం చూసి కేసు రాసి కోర్టులో తలదించుకోవద్దు.

నీరే మొదటి పని

ఆవాసాన్ని పునరుద్ధరించడమంటే మొక్కలు నాటడమేనన్న అభిప్రాయం మన కార్యాలయాల్లో బలంగా ఉంది, ఎందుకంటే నాటిన మొక్కలను లెక్కపెట్టి నివేదికలో చూపించవచ్చు. తడినేలల విషయంలో ఆ ఆలోచన దాదాపు తలకిందులైనది. ఈ తీరంలో బీల అనీ, తంపర అనీ పిలిచే పల్లపు నేలలు వానాకాలంలో నీరు నింపుకొని, చలికాలమంతా నెమ్మదిగా ఇంకుతూ, చుట్టూ ఉన్న ఊళ్ళకు చేప, గడ్డి, తుంగ, పశువుల మేత ఇస్తూ వచ్చాయి. సోంపేట బీలలో థర్మల్ కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన ఆందోళన మీద 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు; తేలినీలాపురానికి సమీపంలోని నౌపడ తంపరలో, కాకరాపల్లి దగ్గర, 2011 ఫిబ్రవరిలో మళ్ళీ అదే జరిగింది. ఈ చరిత్ర తెలియకుండా ఆ ఊళ్ళలోకి వెళ్ళి “ఇది పనికిరాని బీడు భూమి, బాగుచేస్తాం” అన్న అధికారికి మంచినీళ్ళిచ్చేవారు కూడా ఉండరు. రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకుగా ఉన్నంత మాత్రాన అది ఖాళీ నేల కాదు.

ఏ చెరువునైనా, బీలనైనా చూడగానే మూడు విషయాలు తేల్చుకోవాలి: నీరు ఏ గెడ్డ (వాగు) నుంచి, ఏ కాలవ నుంచి వస్తోంది, ఎంతకాలం నిలుస్తోంది, ఏ తూము గుండా పోతోంది. గూడబాతుకు ఈదుతూ చేప పట్టగలిగేంత లోతు కావాలి. ఎర్రకాళ్ళ కొంగ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, ముక్కు తెరిచి ముంచి, తగిలిన చేపను పట్టుకొంటుంది. అంటే ఒకే చెరువులో లోతట్టు భాగం, ఏటవాలు గట్టు రెండూ ఉండాలి. పూడిక తీసే యంత్రం చెరువును పళ్ళెంలా సమంగా తవ్వి, గట్టు నిలువుగా కోస్తే నీటి నిల్వ పెరగవచ్చు గాని, కొంగకు కాలు మోపే చోటుండదు. కాంట్రాక్టరుకు ఈ సంగతి అంచనా పత్రంలోనే రాసి ఇవ్వాలి. తరువాత నోటితో చెప్పినా ఎవరూ వినరు.

గుర్రపుడెక్కను వేరుతో సహా తీసి, గట్టుకు దూరంగా ఎండబెట్టాలి. గట్టు మీదే కుప్ప వేస్తే మొదటి వానకు మళ్ళీ చెరువులోకి జారుతుంది. సర్కారు తుమ్మ సంగతిలో కొంత నిదానం అవసరం. ఒకసారి నేను పనిచేసిన చోట, పేరు చెప్పను గాని, ఒక చెరువులో సర్కారు తుమ్మను, లొట్టపీసు పొదలను ఒకే వేసవిలో యంత్రంతో పూర్తిగా పెరికించాం. చెరువు అద్దంలా కనిపించింది, పై అధికారులు మెచ్చుకొన్నారు, ఆ ఏడాది కొంగలు మాత్రం గూడు కట్టలేదు. వేరే చెట్టు లేకపోవడంతో అవి ఆ తుమ్మల మీదే సర్దుకొని బతుకుతున్నాయని నాకు అప్పుడు తట్టలేదు. అప్పటినుంచి నేను పాటించిన పద్ధతి: ముందు నల్లతుమ్మ, కడప, చింత మొక్కలు నాటి, అవి మనిషి ఎత్తు దాటి కొమ్మ వేసిన తరువాతనే సర్కారు తుమ్మను ఏడాదికి నాలుగో వంతు చొప్పున తీయడం. కడప చెట్టు నీళ్ళలో నెలల తరబడి నిలిచినా చావదు; నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు వాటి మీదే గూళ్ళు కడతాయి.

తుపాను ఈ తీరంలో ఎప్పుడో ఒకసారి వచ్చే విపత్తు కాదు, పథకంలో చేర్చుకోవలసిన అంశం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు పెద్ద ఎత్తున కూలాయి. పెద్ద చెట్లు పడిన ఊళ్ళో పక్షులకు తాత్కాలికంగా ఇనుప స్టాండ్లు నిలబెట్టవచ్చు, గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో అలా చేశారు. అయితే స్టాండు నీడనివ్వదు కాబట్టి దానితోపాటే చెట్టూ నాటాలి.

తాబేళ్ళ ఒడ్డున

సుమారు 193 కిలోమీటర్ల జిల్లా తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి మార్చి వరకు రాత్రివేళ ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఈ పనిలో చేతి నేర్పు చాలా ముఖ్యం కాబట్టి కొంత వివరంగా చెబుతాను. తల్లి తాబేలు వెనుక కాళ్ళతో ఒకటిన్నర అడుగు లోతున, మెడ సన్నగా, అడుగు వెడల్పుగా ఉన్న కుండలాంటి గుంట తవ్వి, నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, గంటలోపే సముద్రంలోకి వెళ్ళిపోతుంది. తరువాత ఆ గుడ్లకు కుక్కలు, నక్కలు, పందులు శత్రువులు. అందుకే శాఖ అనుమతితో వాటిని హేచరీకి తరలిస్తారు. పెట్టిన రెండు మూడు గంటల్లోపు తరలించడం ఉత్తమం, ఎందుకంటే ఆ తరువాత పిండం పెంకు పైభాగానికి అంటుకొంటుంది. అప్పుడు గుడ్డును దొర్లిస్తే లోపలి ప్రాణం పోతుంది. గుడ్డును పైకి ఉన్న వైపు పైకే ఉంచి, గూటి ఇసుకతోపాటు గుడ్డసంచిలో మోసుకెళ్ళాలి, బైకు మీద కుదుపుతూ తీసుకెళ్ళకూడదు. హేచరీలో గుంట కూడా అదే లోతులో, అదే కుండ ఆకారంలో తీసి, గుంటకూ గుంటకూ మధ్య మూడడుగుల ఎడం వదలాలి. ప్రతి గుంట దగ్గర తేదీ, గుడ్ల సంఖ్య, దొరికిన చోటు రాసిన చెక్క పాతాలి.

పిల్లలు 45 నుంచి 60 రోజుల్లో బయటికి వస్తాయి. ఇసుక వేడెక్కువగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి కాబట్టి, మార్చి ఎండల్లో కొన్ని గుంటల మీద కొబ్బరాకు పందిరి వేయడం అవసరం. పిల్లలను పళ్ళెంలో పెట్టి అతిథులు వచ్చేవరకు ఉంచి, ఫొటోలు తీయించి, పట్టపగలు వదలడం మన దగ్గర తరచుగా జరుగుతుంది. కొత్త ఉద్యోగి దానిని మర్యాదగా అడ్డుకోవడం నేర్చుకోవాలి. వాటిని చీకటిలోగాని, తెల్లవారుజామునగాని, అలకు కొన్ని అడుగుల దూరంలో ఇసుక మీద వదిలి, సొంతంగా నడిచి నీళ్ళలోకి పోనివ్వాలి; ఫ్లాష్‌లైటు వేస్తే అవి దానివైపే తిరుగుతాయి. సరుగుడు మొక్కలను అల తాకే గీత దాకా నాటించే అలవాటు కూడా మానుకోవాలి, వేళ్ళు పరుచుకొన్న ఇసుకలో తాబేలు గుంట తవ్వలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చే చనిపోయిన తాబేళ్ళలో ఎక్కువ భాగం వలల్లో చిక్కి, గాలి పీల్చుకోవడానికి పైకి రాలేక పోయినవే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే చేపల వేట నిషేధం గుడ్ల సీజను ముగిశాకే మొదలవుతుంది కనుక, జనవరి నుంచే మరపడవల యజమానులతో మాటలు జరపాలి.

ఎలుగు, ఏనుగు, రోగం

ఎలుగుబంటికి వాసన బాగా తెలుస్తుంది, చూపు, వినికిడి అంతంతమాత్రం. మనిషి దగ్గరికి వచ్చేదాకా గమనించక, ఉలిక్కిపడి మీదికి వస్తుంది. జీడిపండ్లు రాలే నెలల్లో తోటలకు వెళ్ళేవారు గుంపుగా, పొద్దెక్కాక, మాట్లాడుకొంటూ వెళ్ళాలని ఊరూరా చెప్పించాలి. కొండల మీద ఇప్ప, తునికి, నేరేడు, రేగు నిలబెడితే అది తోటలోకి దిగవలసిన అవసరం తగ్గుతుంది. దీనికి సమయం పడుతుంది గాని మరో దగ్గరి దారి లేదు. ఏనుగుల విషయంలో కొత్త ఉద్యోగి చేయగల ఉత్తమమైన పని, గుంపు ఎక్కడుందో సాయంత్రం ఐదు గంటలలోపు పక్క ఊళ్ళన్నిటికీ ఫోనులో చేరవేయడం, పంట నష్టం అంచనాను మర్నాడే రాసి పంపడం. పరిహారం ఆలస్యమైన ఊరిలో మన మాటకు విలువ ఉండదు.

2021 చివర, 2022 తొలినాళ్ళలో తేలినీలాపురంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడు పరాన్నజీవులైన నులిపురుగులు కారణమని గుర్తించారు. అటువంటి రోజున చేయవలసినది ముందే తెలిసి ఉండాలి. చనిపోయిన పక్షిని ఉత్త చేతులతో తాకకూడదు. తేదీ, చెట్టు అంకె, పక్షి వయసు రాసుకొని, పశువైద్యుడిని వెంటనే పిలిపించి, నమూనాలు తీయించాలి. పక్షి జ్వరం (బర్డ్ ఫ్లూ) అనుమానం ఉంటే నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళతాయి. ఫలితం వచ్చేదాకా మిగిలిన శవాలను లోతుగా పూడ్చి సున్నం చల్లించాలి, పక్కనే ఉన్న కోళ్ళ పెంపకందారులకు కబురు పెట్టాలి, విలేకరులకు ఊహలు చెప్పకుండా తెలిసిన అంకె మాత్రమే చెప్పాలి.

బదిలీ ఉత్తర్వు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి నోట్‌బుక్కు నకలు ఒకటి కార్యాలయంలో, ఒకటి పంచాయతీలో ఉంచడం నా అలవాటు. కొత్తగా వచ్చినవారిని వెంటబెట్టుకొని ఒక పూట చెట్ల యజమానుల ఇళ్ళకు, ఒక పూట తూము తిప్పే నీరుకట్టు దగ్గరికి, ఒక రాత్రి హేచరీ కాపలాదారు గుడిసెకు తీసుకెళ్ళి పరిచయం చేయాలి. హేచరీలో ఇంకా పగలని గుంటలు ఉంటే, ఏ తేదీకి ఏ గుంట పగలవచ్చునో రాసిన కాగితాన్ని తాళాలతోపాటే ఇవ్వాలి.